అర్థం కానివాళ్ళు పదకొండుమంది

మూడయింది. మావిస్ పెద్దమ్మకి ఇంకో గంట డయాలిసిస్ ఉంది. రక్తం సన్నని గొట్టంలోంచి బయటికొచ్చి, పక్కనున్న పెట్టెలో తిరిగి, కడిగినట్టయి, మళ్ళీ ఆమె ఎడమ చేతిలోకి పోతోంది. పొద్దున పదకొండు నుంచీ పోతూనే ఉంది. వారానికి మూడు రోజుల చొప్పున ఆరేళ్ళ నుంచీ ఇంతే. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద డెల్వీన్ ఫోను ఒళ్ళో బోర్లించుకుని కూర్చుంది. బోర్లిస్తే కనపడదు కదా అని. కనపడకపోతేనేం, అందులో ఉన్నది కంఠతా వచ్చేసింది. "నాలుగింటికి రిపోర్టు ప్రభుత్వానికి పంపేస్తున్నాను. నువ్వొక్కసారి సరే అను చాలు. అద్భుతంగా చేశావు, డెల్వీన్." రాసింది ఫెనెల్లా, ఆమె పీహెచ్‌డీ గైడు, దక్షిణాన సముద్రం ఒడ్డున చెట్ల మధ్య ఉన్న యూనివర్సిటీలో కూర్చుని. మంచి మనిషి. ఆవిడ చెడ్డదైతే ఎంత బాగుండేది, అనిపించింది డెల్వీన్‌కి. తప్పు సగం అటు తోసేయడానికి వీలుండేది.

అద్భుతంగా. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా చెవులు వేడెక్కుతున్నాయి. వాళ్ళ ఊరు పిల్యారలో చిన్నపిల్లలకి తిట్టినా సిగ్గే, పొగిడినా సిగ్గే. నలుగురిలోంచి ఒకళ్ళని పేరు పెట్టి పిలిస్తే చాలు, "సిగ్గు సిగ్గు" అని మిగతావాళ్ళు అరుస్తారు, పిలిపించుకున్నవాడు చొక్కా ముఖం మీదికి లాక్కుని పొట్ట బయటపెట్టుకుని పరిగెడతాడు. ఆ సిగ్గుకి చొక్కా సరిపోయేది. దీనికి సరిపోవడం లేదు. మూడు వారాలుగా ఇది తిండి ముందు వచ్చి కూర్చుంటోంది, స్నానం చేస్తుంటే నీళ్ళలో కలిసి ఒంటి మీద పడుతోంది, ఇప్పుడీ గదిలో ఎనిమిది మెషీన్లూ గురకపెడుతున్నట్టు మోగుతుంటే ఆ మోతలో కూడా అదే వినిపిస్తోంది. బయట నలభై ఒక్క డిగ్రీల ఎండ, ఇసుక తప్ప చుక్క నీరు లేని నది, దాని వెనక ఎర్రటి కొండలు. లోపల ఏసీ చలి. అందరూ మెడదాకా దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. టీవీలో పాత ఫుట్‌బాల్ మ్యాచి మాటల్లేకుండా నడుస్తోంది. ఎదురు కుర్చీలో క్లారీ తాత చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. కిటికీ పక్కన యూనిస్ అత్త చేతిసంచీలో దేనికోసమో ఒంటిచేత్తో వెతుకుతోంది, ఎప్పుడూ వెతుకుతూనే ఉంటుంది. వాళ్ళిద్దరూ పదకొండుమందిలో వాళ్ళే. పెద్దమ్మ కూడా. ఈ ఒక్క గదిలో ముగ్గురు. ముగ్గురి ముందూ డెల్వీన్ వారానికి మూడు రోజులూ వచ్చి కూర్చుంటోంది, టీ తాగుతోంది, క్షేమం అడుగుతోంది.

పెద్దమ్మ నిద్రపోతోందా లేదా తెలియదు. ఆమె కనురెప్పలు ఎప్పుడూ పూర్తిగా మూతపడవు. ఆరేళ్ళ కిందట పిల్యార నుంచి చిన్న విమానంలో ఈ పట్నానికి తీసుకొచ్చారు, రెండు వారాలు పరీక్షలని చెప్పారు. ఆమె రెండు గౌన్లు, ఒక దుప్పటి తెచ్చుకుంది, కుక్కని పక్కింటివాళ్ళకి అప్పజెప్పింది. ఆ రెండు వారాలు ఇంకా అవలేదు. ఊరు ఐదొందల కిలోమీటర్లు, సగం మట్టిరోడ్డు. ఒక డయాలిసిస్‌కీ ఇంకో డయాలిసిస్‌కీ మధ్య దొరికే రెండు రోజుల్లో ఎవరి కార్లోనో పడి ఎవరి అంత్యక్రియలకో వెళ్ళి, మట్టివేసి, మర్నాడు ఒళ్ళు ఉబ్బరించుకుని తిరిగి రావడం, అంతే ఆమె సొంతూరికి వెళ్ళడమంటే. కుక్క పోయింది. ఆ కబురు కూడా ఇదే కుర్చీలో వింది.

పిల్యారలో రెండు మెషీన్లు పెట్టాలని ఊరివాళ్ళు అడగడం మొదలుపెట్టి కూడా అన్నేళ్ళే అయింది. అక్కడి చిన్న ఆసుపత్రి పక్కన మూతపడ్డ పాత దుకాణం ఉంది, అందులో పెట్టొచ్చు. కుర్చీలు ఏ వైపు తిప్పి వెయ్యాలో కూడా ఆడవాళ్ళు కూర్చుని తేల్చేశారు. ప్రభుత్వం మాత్రం, పెడితే ఎంతవుతుంది, పెట్టినందువల్ల మనుషుల జీవితం ఎంత మెరుగవుతుంది, లెక్క చూపించండి అంది. ఆ లెక్కే డెల్వీన్ పీహెచ్‌డీ. ఆరోగ్యానికి సంబంధించిన అర్థశాస్త్రం, అందులోనూ ఆదివాసులైన తన జనం ఆరోగ్యం. యూనివర్సిటీవాళ్ళు ఎగిరి గంతేశారు, ఇలాంటి లెక్క ఆ జనంలోంచి వచ్చిన మనిషే చేస్తే దాని విలువే వేరు అన్నారు. పెద్దమ్మ అయితే వచ్చిన ప్రతి నర్సుకీ చెప్పింది. "ఇదిగో, మా పిల్ల. మా చెల్లెలి కూతురు, అంటే నా కూతురే. మా కుర్చీల కాయితం రాస్తోంది." డ్యూటీ మారి కొత్త నర్సు వస్తే మళ్ళీ మొదట్నుంచి చెప్పేది. ఒక్కోసారి అదే నర్సుకి రెండుసార్లు చెప్పేది. పెద్దమ్మా చాలు, సిగ్గేస్తోంది, అనేది డెల్వీన్. అప్పుడు సిగ్గు అంటే అంత తేలిగ్గా ఉండేది నోటికి.

అరవై నాలుగుమందిని అడిగింది. ఇదే స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్కళ్ళనీ, ఇంగ్లీషులో. వాళ్ళ భాష లురిట్జాలో ఎందుకు అడగలేదంటే ఆమెకి వచ్చిన లురిట్జా ఆరేళ్ళ పిల్ల లురిట్జా, నీళ్ళు కావాలి, ఆకలేస్తోంది, కుక్క కరిచింది, అంతవరకే. ఏడో ఏట అమ్మతో పాటు దక్షిణానికి వెళ్ళిపోయింది, భాష అక్కడే ఆగిపోయింది. ప్రశ్న చూడ్డానికి చిన్నదే. "ఇప్పుడున్న స్థితిలోనే మీరు ఇంకో పదేళ్ళు బతుకుతారనుకోండి. దానికి బదులు పూర్తి ఆరోగ్యంతో అంతకంటే తక్కువ ఏళ్ళు ఇస్తామంటే, ఎన్నేళ్ళు వదులుకుంటారు?" ఒకరు రెండేళ్ళంటారు, ఒకరు నాలుగంటారు. వదులుకున్న ఏళ్ళని బట్టి ఇప్పటి జీవితం విలువ సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె అవుతుంది. తక్కువ వదులుకుంటే ఇప్పుడు బాగానే ఉన్నట్టు, ఎక్కువ వదులుకుంటే బాగాలేనట్టు. ప్రపంచమంతా ఇలాగే అడుగుతారు. తరగతిలో మొదటిసారి చెప్పినప్పుడు ఎంత నచ్చిందో ఆమెకి. మనిషి మనసులో ఉన్నదాన్ని ఇంత మర్యాదగా బయటికి తీయొచ్చా అనుకుంది.

పెద్దమ్మ ఆ ప్రశ్న రెండుసార్లు చదివించుకుంది.

"ఎక్కడ?" అంది.

"ఏంటి ఎక్కడ?"

"ఆ ఏళ్ళన్నీ ఎక్కడుంటాను నేను? ఇక్కడా, అక్కడా?"

"అది అందులో లేదు పెద్దమ్మా. ఎక్కడైనా సరే, ఊరికే ఊహించుకో."

"నా పక్కన ఎవరుంటారు?"

"అదీ లేదు."

పెద్దమ్మ నవ్వింది. పళ్ళు లేని చోట నాలుక పెట్టి నవ్వే నవ్వు. "ఎక్కడో తెలీదు, ఎవరుంటారో తెలీదు, అలాంటి పదేళ్ళు నాకెందుకే? పదేళ్ళూ మీరే ఉంచుకోండి. పిల్యారలో అయితే ఒక్క చలికాలం ఇవ్వండి, చాలు. రాసుకో." డెల్వీన్ రాసుకుంది. రాసుకుంటుంటే ఆ మాట బాగా నచ్చింది, అది కూడా నిజమే. తర్వాత చేసిన పనికి ఆ నచ్చడం అడ్డం రాలేదు.

కాగితం చివర ఇంకో ప్రశ్న ఉంటుంది. అది జవాబు చెప్పేవాళ్ళ కోసం కాదు, అడిగేవాళ్ళ కోసం. "ప్రశ్న వీరికి అర్థమైందని మీరు అనుకుంటున్నారా?" అవును, కొంత, లేదు. మూడు గళ్ళు. ఎవరూ పట్టించుకోరు, అన్నింటికీ అవును అని టిక్కు పెట్టుకుంటూ పోతారు. ఒక ఆదివారం పొద్దున, అంకెలన్నీ కంప్యూటర్లో పోసి చూసుకుంటే పదకొండు మాత్రం ఎక్కడా పొసగక దూరంగా నిలబడ్డాయి. ఒకరు పదేళ్ళూ వద్దన్నారు, ఒకరు ఆర్నెల్లు చాలన్నారు, ఒకరు మా అమ్మ సమాధి దగ్గర రెండు రాత్రులు పడుకోనిస్తే ఆ మూడో రోజు ఈ మెషీన్ ఆపేయండి అన్నారు. అవి ఉంటే గ్రాఫులో గీత వంకరపోతోంది. సగటుని ఎటో లాగేస్తున్నాయి. పరీక్షకులు అడుగుతారు. ఏం చెప్పాలి? ఎవరో ఆమెని బలవంతపెట్టి ఉంటే, ఫెనెల్లా ఫోను చేసి ఇది సర్దెయ్ అని ఉంటే, కనీసం ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే. ఎవరూ లేరు ఆ గదిలో. ఆమె, పళ్ళెంలో రెండు రొట్టె ముక్కలు, కిటికీలోంచి ఎండ. పదకొండు కాగితాలూ తీసి, అవును మీద ఉన్న టిక్కులు కొట్టేసి, లేదు మీద పెట్టింది. రొట్టె మీద వెన్న ఇంకా పూర్తిగా కరగలేదు. తర్వాత ఆ రొట్టె తింది కూడా.

అర్థం కాలేదన్నవాళ్ళ జవాబులు లెక్కలోంచి తీసేయొచ్చు, నియమాలు అలాగే ఉన్నాయి. తీసేశాక గీత నిటారుగా నిలబడింది. మిగిలిన యాభై ముగ్గురి మాట ప్రకారం పట్నంలో ఈ కుర్చీలో బతుకు పూర్తి ఆరోగ్యంలో పదింట ఏడు వంతులు. అంటే బాగానే ఉన్నారు. ఇంత బాగా ఉన్నవాళ్ళని ఊరికి చేర్చినందువల్ల పెరిగేది చిటికెడు, అయ్యే ఖర్చు బోలెడు. అదీ రిపోర్టు. అదీ ఇప్పుడు నాలుగింటికి వెళ్ళబోయేది. పిల్యారలో మెషీన్లు అక్కర్లేదని పిల్యార పిల్లే చెబుతోంది, ఇంక ఎవరు కాదంటారు?

అంతకంటే ఘోరం ఒకటుంది. దాన్ని తలుచుకోకుండా పక్కకి జరగాలని మనసు ఎంత గింజుకున్నా అది అక్కడే ఉంది. మెల్‌బోర్న్‌లో సభ. రెండొందలమంది. లెక్కలోంచి తీసేసిన పెద్దమ్మ మాటనే తెర మీద పెద్ద అక్షరాలతో చూపించింది. "పదేళ్ళూ మీరే ఉంచుకోండి." కింద, ఒక రోగి అని. అర్థం కాకపోవడానికి ఉదాహరణగా. జనం నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు, ముద్దు చేసే నవ్వు, పసిపిల్లలు ముద్దుమాటలు చెబితే నవ్వే నవ్వు. ఆమె కూడా నవ్వింది. వేదిక మీద, చేతిలో మైకుతో, పళ్ళు కనపడేలా. ఆ నవ్వు వీడియోలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

ఆ నవ్వు కొత్తది కాదు. పన్నెండేళ్ళప్పుడు స్కూల్లో ఆటల పోటీలు, పెద్దమ్మ బస్సులో ఇరవై గంటలు ప్రయాణం చేసి వచ్చింది, చెప్పుల్లేవు, కాళ్ళకి ఎర్రమట్టి, చేతిలో కాగితంలో చుట్టిన కంగారూ తోక. డెల్వీన్ రెండో స్థానంలో వచ్చింది. మైదానానికి అవతలి గట్టు నుంచి పెద్దమ్మ ఇంట్లో పిలిచే పేరుతో కేకేసింది, వాళ్ళ భాషలో, రెండు చేతులూ పైకెత్తి. పక్కనున్న పిల్ల ఎవరే ఆవిడ అనడిగితే, "మా అమ్మకి తెలిసిన మనిషి ఎవరో" అంది డెల్వీన్, ఇలాగే నవ్వుతూ. అప్పటికి పెద్దమ్మ దగ్గరికి వచ్చేసింది. విందో లేదో. ఆ తోక ముక్కని టీచరు చేతిలో పెట్టి, బాగుంటుంది తిను, అని ఇంగ్లీషులో చెప్పింది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. వినలేదేమో. విన్నాక ఎత్తని మనిషేమో. ఈ రెండోదే ఎక్కువ భయం డెల్వీన్‌కి.

"ఐసు," అంది పెద్దమ్మ.

ఉలిక్కిపడి గ్లాసులోంచి చిన్న ముక్క తీసి నోట్లో పెట్టింది. మంచినీళ్ళు తాగకూడదు కాబట్టి ఈ ముక్కలతోనే రోజంతా గడవాలి. పెద్దమ్మ దాన్ని బుగ్గలో పెట్టుకుని డెల్వీన్ ముఖంలోకి చూసింది.

"ఏంటే, పురుగు తిన్న కుక్కలా ఉన్నావు? కాయితం వెళ్ళిందా?"

"ఇంకా లేదు."

"ఎప్పుడు?"

"నాలుగింటికి."

"పల్యా," అంది పెద్దమ్మ, బాగుంది అని. "యూనిస్‌కి చెప్పాను. ఊళ్ళో నా పక్క కుర్చీ దానికే. గురకపెడుతుంది, పెడితే పెట్టుకోనీ."

ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పదు. ఆ సంగతి డెల్వీన్‌కి తన గురించి బాగా తెలుసు. నాలుగయ్యాక ఎన్ని కారణాలైనా దొరుకుతాయి. ఆరోగ్యం బాగాలేని మనిషికి ఎందుకు చెప్పడం, వచ్చే ఏడాది ఇంకో లెక్క వేద్దాంలే, మొత్తంగా చూస్తే నేను చేసింది నియమాల ప్రకారమే కదా. ఆ కారణాలన్నీ అప్పుడే వరసలో నిలబడి ఉన్నాయి.

"పెద్దమ్మా, పోయినేడు ఒక ప్రశ్న అడిగాను, గుర్తుందా? పదేళ్ళది."

"తిక్క ప్రశ్న."

"నీ జవాబు అందులో లేదు. నేనే తీసేశాను."

పెద్దమ్మ ఐసు నమలడం ఆపింది. "ఎందుకు?"

"నీకు ప్రశ్న అర్థం కాలేదని రాశాను." గొంతు తన గొంతులా లేదు. "నీకే కాదు, పదకొండుమందికి. మీ జవాబులు లేకపోతే మీరిక్కడ బాగానే ఉన్నారని వస్తుంది. అలా వస్తే మెషీన్లు ఇవ్వరు. అర్థమైందని తెలిసే రాశాను పెద్దమ్మా. అంకెలు వంకరగా ఉన్నాయని."

మెల్లగా, చెవి దగ్గర చెప్పింది. పెద్దమ్మ ముఖంలో ఏమీ మారలేదు. తర్వాత మెడ మాత్రం తిప్పి, గదిలోకి, అంత బక్కప్రాణంలోంచి అంత గొంతు ఎలా వచ్చిందో గాని, లురిట్జాలో కేకేసింది. ఆ మాత్రం భాష డెల్వీన్‌కి వచ్చు.

"వింటున్నారా! మనకి అర్థం కాలేదంట! మా పిల్ల రాసింది. గవర్నమెంటుకి రాసింది, మనకి బుర్రల్లేవని!"

"పెద్దమ్మా, మెల్లగా..."

"మెల్లగా ఎందుకే? నువ్వు మెల్లగా రాశావా? దేశమంతటికీ వినపడేలా రాశావు కదా."

మిగతా ఏడు కుర్చీల్లోంచి ఏడు తలలు ఇటు తిరిగాయి. నర్సు ఒఫా చేతిలో దూదితో ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. చొక్కా ముఖం మీదికి లాక్కోవాలని ముప్పై రెండేళ్ళ మనిషికి నిజంగానే చేతులు లేచాయి. క్లారీ తాత హెడ్‌ఫోన్లు తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"ఎవరికంట అర్థం కానిది?"

తాత చూపు పెద్దమ్మ మీంచి డెల్వీన్ మీదికి తిరిగింది.

"నాకు కూడానా?"

"అవును తాతా," అంది డెల్వీన్. లేచి నిలబడింది. కూర్చుని చెప్పడం చేతకాలేదు.

క్లారీ తాత కుర్చీలో కాస్త పైకి జరిగి కూర్చున్నాడు. ఒకప్పుడు పశువుల మందల వెంట గుర్రం మీద ఈ దేశం సగం తిరిగినవాడు, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో డాక్టర్లకీ రోగులకీ మధ్య నిలబడి ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పినవాడు. "నాకు ఐదు భాషలొచ్చు, మనవరాలా," అన్నాడు. "లురిట్జా, వార్ల్‌పిరి, అరెర్న్‌ట, పిట్జన్‌జట్జర, ఇంగ్లీషు. ఏ భాషలో అర్థం కాలేదని రాశావు?"

డెల్వీన్ నోరు తెరిచేలోపే ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"మీ పెద్దమ్మకి కిడ్నీలు పోయాయని డాక్టరు చెబితే, అది ఆమెకి అర్థమయ్యేలా చెప్పింది ఎవరనుకున్నావు? నేను. ఈ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. నా దగ్గరికొచ్చి డాక్టరు అదే మాట చెబితే నాకు చెప్పడానికి ఇంకెవరూ లేరు, నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకెవరు? మిగతావాళ్ళ పేర్లు చెప్పు."

"యూనిస్ అత్త," అంది డెల్వీన్. కిటికీ దగ్గర సంచీలో వెతుకుతున్న చెయ్యి ఆగింది. ఇంకో ఐదుగురి పేర్లు చెప్పింది, వాళ్ళు ఇవాళ వచ్చే రోజు కాదు. తర్వాత ఆగిపోయింది. మిగిలిన ముగ్గురూ ఈ ఏడాదిలో పోయారు. పోయినవాళ్ళ పేరు పైకి అనకూడదు, దానికి బదులు అందరికీ ఒకటే పేరు పెట్టి చెబుతారు. "కున్మనారా," అంది. "ఇంకో కున్మనారా. ఇంకొకళ్ళు." ఎవరెవరో గదిలో అందరికీ తెలిసింది. అమ్మ సమాధి దగ్గర రెండు రాత్రులు అడిగినావిడ ఆ మూడోది. ఒక్కొక్క తలా కిందికి వంగింది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆ పోయినవాళ్ళు చివరిసారి చెప్పిన మాటల్లో ఒక మాట తన చేతిలో ఉందని, దాని మీద తను గీత కొట్టిందని, అప్పటివరకూ డెల్వీన్‌కి ఆ రకంగా తట్టనే లేదు. వాళ్ళని మళ్ళీ వెళ్ళి అడగడానికి లేదు. వాళ్ళకి క్షమాపణ చెప్పుకోవడానికైనా పేరు పలకడానికి లేదు.

"కాయితం వెళ్ళిపోయిందా?" అంది యూనిస్ అత్త.

"నాలుగింటికి వెళ్తుంది. నేను సరే అంటే."

అందరూ గోడ గడియారం చూశారు. మూడు నలభై రెండు.

"వెళ్ళకపోతే?" అంది మళ్ళీ యూనిస్ అత్తే.

"ఈ ఏడాదికి ఇంక మన మాట ఎత్తరు. వచ్చే ఏడాది మళ్ళీ మొదట్నుంచి. వెళ్తే, మీరిక్కడ బాగానే ఉన్నారని ఉంటుంది అందులో."

"బాగానే ఉన్నాం!" అంది యూనిస్ అత్త, పగలబడి నవ్వింది, ఆ నవ్వు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియలేదు. డెల్వీన్ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఎవరైనా చెబుతారేమో, పంపు అనో, ఆపు అనో. పెద్దమ్మకేసి చూసింది.

"మమ్మల్నెందుకు చూస్తావు?" అంది పెద్దమ్మ. ఈసారి గొంతు మామూలుగానే ఉంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. "ఆ గీతలు కొట్టేటప్పుడు అడిగావా? ఇప్పుడూ నువ్వే తేల్చుకో. దీన్ని కూడా నా నెత్తిన పెట్టకు. నాకు ఈ పెట్టె ఒకటి చాలు."

ఏడాది. పెద్దమ్మకి ఏడాది ఉందా? పక్క కుర్చీలవాళ్ళలో ఎంతమందికి ఉంది? పంపితే అబద్ధం, ఆపితే ఒక ఏడాది, ఆ ఏడాది కూడా తన చేతుల మీదుగానే పోతుంది. రెంటిలో ఏది చేసినా చేతులు కడుక్కున్నట్టు కాదని తెలిసిపోయాక ఒక రకంగా తేలికైంది, ఆ తేలికకి కూడా సిగ్గేసింది. ఫోను తిప్పి రాసింది. "పంపొద్దు. ఆ పదకొండుమందికీ ప్రశ్న అర్థమైంది. అర్థం కాలేదని నేను అబద్ధం రాశాను." మూడుసార్లు చదువుకుని, అబద్ధం అన్న మాట తీసేసి పొరపాటు అని పెట్టబోయి, ఆ వేలిని చూసుకుని అసహ్యమేసి, అలాగే వదిలేసి పంపించింది. నిమిషం తిరక్కుండా ఫోను మోగింది.

"డెల్వీన్, దీని అర్థం నీకు తెలుసా?" అంది ఫెనెల్లా. "రిపోర్టు సంగతి సరే. నీ పీహెచ్‌డీ సంగతేంటి? నేనిది దాచలేను. విచారణ వేస్తారు."

"తెలుసు."

"పదకొండు ఎక్కువేనని నాకూ అనిపించింది," అంది ఫెనెల్లా. "నువ్వే అన్నావు కదా అని ఊరుకున్నాను. వాళ్ళ మనిషివి, నీకు తెలియదా అనుకున్నాను." ఏదో ఇంకా అనబోయి, మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

ఒఫా వచ్చి పెద్దమ్మ చేతిలో సూదులు తీసింది. పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రక్తం ఆగేదాకా. డెల్వీన్ పట్టుకోబోతే పెద్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని తనే నొక్కుకుంది. కట్టు కట్టాక పెద్దమ్మ లేచి, చక్రాల నడకబండి పట్టుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"నేను వ్యాన్లో పోతాను. నువ్వు రావద్దు," అంది. ఆ ఊరివాళ్ళు వేలితో చూపించరు, పెదవులు ముందుకు పెట్టి చూపిస్తారు. అలా పెదవులు పెట్టి క్లారీ తాతని చూపించింది. "నీ పని అక్కడుంది."

తాత ముఖం మీదికి దుప్పటి లాక్కుని ఉన్నాడు. ఆయన మెషీన్ ఆలస్యంగా మొదలైంది, ఇంకా చాలాసేపు ఉంది. స్టూలు లాక్కోవడానికి మొహం చెల్లక డెల్వీన్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. సంచీలో ఖాళీ కాగితాల కట్ట ఉంది, తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేల చల్లగా ఉంది. టీవీలో మ్యాచి అయిపోయి వంటల కార్యక్రమం వచ్చింది. ఒఫా రెండుసార్లు వచ్చి అంకెలు చూసుకుని ఆమెని దాటుకుంటూ వెళ్ళింది. ఏడుపు వస్తే మళ్ళీ తననే అందరూ ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఎంతసేపో.

"అడుగు," అంది దుప్పటి.

కాగితం విప్పింది. "ఇప్పుడున్న స్థితిలోనే మీరు..."

"ఇంగ్లీషులో కాదు."

లురిట్జాలో మొదలుపెట్టింది. నువ్వు, ఇక్కడ, ఇలాగే, చాలా చలికాలాలు. పది అనడానికి రెండు చేతులూ చూపించబోయి, ఆయన ముఖం దుప్పట్లో ఉందని గుర్తొచ్చి దించేసుకుంది. క్రియ తప్పు పలికింది. కిటికీ దగ్గర నుంచి యూనిస్ అత్త సరిదిద్దింది. మళ్ళీ అంది. పూర్తి ఆరోగ్యం అన్న చోట ఆగిపోయింది. ఆ మాట ఆమెకి రాదు.

"పల్యా," అని చూసింది.

"పల్యా ఎక్కడ?" అంది యూనిస్ అత్త. "ఊరికే పల్యా అంటే ఎలా? మనిషి ఎక్కడో ఒకచోట బాగుంటాడు. గాల్లో బాగుంటాడా?"

"తన ఙుర్రలో అనాలి," అన్నారు అవతలి కుర్చీలోంచి ఎవరో. ఇల్లూ, ఊరూ, నేలా అన్నీ ఆ ఒక్క మాటే. "కాదు, ఎవరి ఙుర్రో చెప్పాలి," అన్నారు ఇంకొకళ్ళు. ఇద్దరూ వాదించుకోవడం మొదలుపెట్టారు. ఎవరో ఆమె పలికిన తీరుని అనుకరించారు, గది గదంతా నవ్వింది. ముద్దు చేసే నవ్వు కాదు. డెల్వీన్ చెవులు మండిపోతుండగా కాగితం మీద ఉన్న ప్రశ్నని కొట్టేసి, దాని కింద వాళ్ళు చెప్పినట్టు రాసుకుంది, రాసుకున్నది చదివింది. అదీ తప్పే.

క్లారీ తాత ముఖం మీంచి దుప్పటి తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం తగ్గిన ముఖం కాదు అది.

"మళ్ళీ అడుగు," అన్నాడు. "నీకు అర్థమయ్యేదాకా అడుగుతూ ఉండు. నేనెక్కడికీ పోలేను కదా."

ఆమె మళ్ళీ మొదట్నుంచి అడిగింది.